గీజర్ బయట, వేడినీళ్లు లోపల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కార్తీకం దాటితే మా డబ్బాలో పడే ప్రశ్నల్లో సగం వేడినీళ్ల గురించే ఉంటాయి. ఈసారి మిర్యాలగూడ నుంచి వనపర్తి దాకా అందరూ గ్యాస్ గీజర్ మీదే రాశారు, ఒకరు మాత్రం ఇంగ్లండ్‌లో ఉన్న కొడుకు ఇంటి బాయిలర్ గురించి అడిగారు. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

అన్నా, మేము అద్దెకుంటున్న ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూంలోనే ఉంది. సిలిండర్ బయట వరండాలో పెట్టి పైపు లోపలికి లాగారు. చలికి కిటికీ మూసేసి స్నానం చేస్తాం. మొన్న మా పాప బయటికొచ్చి తల తిరుగుతోందని కూర్చుండిపోయింది. నీరసం అనుకున్నాం. నిజంగా గీజర్ వల్లేనా? (మిర్యాలగూడ)

అక్కా, మిగతా జవాబులన్నీ తర్వాత చదవండి, ముందు ఆ గీజర్ వాడటం ఆపండి. ఈ రోజు నుంచే. ఓనర్ వచ్చి బయటికి మార్పించే దాకా పొయ్యి మీద నీళ్లు కాగబెట్టుకోండి. పాపకి మళ్లీ తల తిరిగినా, తలనొప్పి ఉన్నా డాక్టర్‌కి చూపించండి, గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో స్నానం చేసిందన్న మాట ఆయనకి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆయన కూడా నీరసం అనుకోవచ్చు.

సిలిండర్ బయటే ఉంది కదా, లీకైనా బయటే అవుతుంది కదా అని చాలామంది ధైర్యం. ఇక్కడ భయం లీకు గురించి కాదు. లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే వంటగ్యాస్‌కి సొంత వాసన లేకపోయినా మనకి తెలియడానికని అందులో మెర్కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. మీ బాత్రూంలో అయింది వేరు. మంటకి గాలి కావాలి. కిలో గ్యాస్ పూర్తిగా కాలాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆరు లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకి ముప్పావు కిలో నుంచి కిలో దాకా గ్యాస్ కాలుస్తుంది. ఇక మన బాత్రూం ఎంత? ఐదడుగులు ఇటు, ఆరడుగులు అటు, ఎనిమిది అడుగుల ఎత్తు అనుకుంటే ఏడు ఘనపు మీటర్లు కూడా ఉండదు. అంటే ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తూ అరగంట గీజర్ వెలిగితే ఆ గదిలో ఉన్న గాలి మొత్తం మంటకే సరిపోయేంత లెక్క. అంతదాకా పోనక్కర్లేదు, గాలిలో ఆక్సిజన్ కొంచెం తగ్గగానే గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఇది పోయి కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లలో బలం లేకపోవడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. తలుపు గడియ వేసి ఉంటుంది కాబట్టి బయటివాళ్లకి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఇంట్లో రెండో మూడో స్నానం చేసేవాళ్లకి, ఎక్కువసేపు చేసేవాళ్లకి ముప్పు ఎక్కువ.

కిటికీ తెరిస్తే చాలా అని మీరు అడుగుతారని తెలుసు. తెరవడం మంచిదే కానీ డిసెంబర్ చలిలో మీ ఇంట్లో రోజూ ఎవరు తెరుస్తారు చెప్పండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది అంటారు కొందరు, కరెంటు పోతే? పైగా లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ మాత్రం లాగితే పొగని సరిగ్గా బయటికి పంపలేదు. గీజర్ గోడకి అవతల, బయటి గాలి ధారాళంగా ఆడే చోట ఉండాలి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి. నా లెక్కలో దీనికి రెండో మాట లేదు. ఖర్చు కూడా పెద్దగా కాదు, ఒక ప్లంబర్‌కి ఒక పూట పని, కొన్ని అడుగుల వేడినీళ్ల పైపు. సీపీవీసీ పైపు వేయించండి, చన్నీళ్లకి వేసే మామూలు పీవీసీ వేడికి మెత్తబడిపోతుంది. వాన పడకుండా పైన చిన్న రేకు వేస్తే సరి, మూడువైపులా మూసిన పెట్టెలో మాత్రం బంధించొద్దు.

కొన్ని గీజర్లలో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ ఉంటుంది. ఉన్నా బయటే పెట్టండి. కొత్తది కొంటే ఐఎస్ఐ ముద్ర, దాని కింద ఐఎస్ 15558 అనే నంబర్ ఉందేమో చూడండి, ఎల్పీజీతో నడిచే చిన్న వాటర్ హీటర్ల ప్రమాణం అది.

ఎవరైనా లోపల పడిపోతే ముందు తలుపు పగలగొట్టి వాళ్లని బయటి గాలికి తీసుకురండి, గ్యాస్ ఆపండి, 108కి ఫోన్ చేయండి. మీరూ లోపల నిలబడి నీళ్లు చల్లుతూ ఉండిపోకండి.

గీజర్ పెట్టించక ముందు మా సిలిండర్ 45 రోజులు వచ్చేది, ఇప్పుడు 25 రోజులకే అయిపోతోంది. ఇంట్లో ఐదుగురం. మెకానిక్ వచ్చి గీజర్ పాడైంది, లోపలి పార్టు మార్చాలి అంటున్నాడు. మార్చమంటారా సార్? (జడ్చర్ల)

మార్చొద్దు, ముందు ఈ లెక్క చూడండి. గృహ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్. 45 రోజులంటే రోజుకి సుమారు 315 గ్రాములు మీ వంటకి పోయింది. ఇప్పుడు 25 రోజులంటే రోజుకి 570 గ్రాముల దాకా. తేడా 250 గ్రాములు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి తేవడానికి, గీజర్ మధ్యలో పోగొట్టే వేడి కూడా కలుపుకుంటే, 45 గ్రాముల గ్యాస్ పడుతుంది. 250 గ్రాములంటే ఐదున్నర బకెట్లు. మీరు ఐదుగురు. ఇంక పాడైందేమిటి? గీజర్ బంగారంలా పనిచేస్తోంది. ఆ పార్టు డబ్బుతో రెండు నెలల గ్యాస్ వస్తుందేమో అడగండి ఆయన్ని.

తగ్గించుకునే దారులు మాత్రం ఉన్నాయి. గ్యాస్ నాబ్ పూర్తిగా తిప్పి పొగలు కక్కే నీళ్లు పట్టి, అందులో సగం చన్నీళ్లు కలపడం మనందరికీ అలవాటు, కాగు రోజుల నుంచి వచ్చింది. గీజర్‌కి అది అక్కర్లేదు. ఒంటికి ఎంత వేడి కావాలో అంతే వచ్చేలా, అంటే 40, 42 డిగ్రీలు, గ్యాస్ నాబ్ తగ్గించి నీళ్లు ఎక్కువ వదలండి. అతి వేడి నీళ్లలో పైపుల్లోనే కొంత వేడి పోతుంది, ఇంకో నష్టం కూడా ఉంది, కింద దేవరకొండ ప్రశ్నలో చెప్తాను. పైపు ఎంత దూరమైతే అంత చల్లటి నీళ్లు ముందు కారిపోతాయి, ఆ నీళ్లు పట్టి చెట్లకి పోయండి, లేదా ఒకరి వెంట ఒకరు స్నానం చేస్తే పైపు వేడిగా ఉండగానే పని అవుతుంది (గీజర్ బయట ఉన్నవాళ్లకే ఈ సలహా, పై జవాబు మర్చిపోవద్దు). షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 60 లీటర్లు, మూడు బకెట్లు. కాలేజీ పిల్లలున్న ఇంట్లో తేడా ఇక్కడే తేలుతుంది.

కరెంటు గీజర్ చవకా అని కూడా మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఒక సిలిండర్‌తో సుమారు 315 బకెట్లు వస్తాయి, మీరు సిలిండర్‌కి ఇచ్చిన డబ్బుని 315తో భాగించండి, 945 అయితే బకెట్ మూడు రూపాయలు. అదే బకెట్‌కి కరెంటు దాదాపు అర యూనిట్ పడుతుంది, మీ బిల్లులో ఆఖరి స్లాబ్ యూనిట్ ధర ఆరు రూపాయలైతే అదీ మూడే. కాబట్టి తక్కువ కరెంటు వాడే ఇంటికి కరెంటు గీజర్, ఇప్పటికే పై స్లాబ్‌లో ఉన్నవాళ్లకి గ్యాస్ కలిసి రావచ్చు. సొంత డాబా ఉంటే, పాలమూరు ఎండకి, సోలార్ హీటర్ ఈ రెండింటినీ మించుతుంది. పెట్టుబడి ముందు పెట్టాలి, అదొక్కటే.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గీజర్ కొన్న ఏడాదికే వేడినీళ్లు సన్నగా వస్తున్నాయి, మంట ఉంది గానీ నీళ్లు సరిగా కాగడం లేదు. మా పక్కింటాయన బాత్రూం కడిగే యాసిడ్ పోసి కడగమన్నాడు. (దేవరకొండ)

ఆ యాసిడ్ పోయొద్దు తమ్ముడూ. గీజర్ లోపల నీళ్లు తిరిగే గొట్టం రాగిది, గోడ పలచగా ఉంటుంది, బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది పొలుసుతో పాటు గొట్టాన్నీ తింటుంది, అతుకుల దగ్గర ముందు చిల్లు పడుతుంది.

మీకు పట్టింది పొలుసు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, నీళ్లు వేడెక్కగానే అవి గట్టిపడి గొట్టం లోపల తెల్లగా అంటుకుంటాయి. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున చూడండి, అదే సరుకు. ఇది వేడిని నీళ్లకి చేరనివ్వదు, దారి ఇరుకు చేస్తుంది, మంట వేడి పైకి పోతుంది, గ్యాస్ వృథా. నీళ్లు 60 డిగ్రీలు దాటి కాగిన కొద్దీ పొలుసు మరీ తొందరగా కడుతుంది, అందుకే జడ్చర్ల వారికి నాబ్ తగ్గించమన్నాను.

కిరాణాలో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే సిట్రిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చని నీళ్లకి రెండు మూడు చెంచాలు కలపండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపి, గీజర్ సెల్స్ తీసి, నీళ్ల పైపులు విప్పి, ఒక చిన్న మోటారుతో (కూలర్‌లో వాడే పంపు చాలు) ఆ నీళ్లని గీజర్‌లో అరగంట తిప్పండి. బుడగలు వస్తే పొలుసు కరుగుతోందన్నట్టు. బుడగలు ఆగాక మంచినీళ్లతో బాగా కడగండి. పైపులు విప్పడం చేతకాకపోతే మెకానిక్‌తో చేయించండి, కానీ ఏ మందు పోస్తున్నాడో దగ్గర నిలబడి చూడండి. మీ ఊరి బోరు నీళ్లకి ఏడాదికోసారి, మరీ ఉప్పగా ఉంటే చలికాలానికి ముందోసారి, తర్వాతోసారి చేయించాలి. మిషన్ భగీరథ నీళ్లు (ప్రభుత్వం ఇంటింటికీ కుళాయిలో ఇచ్చే నది నీళ్లు) ట్యాంకుకి ఎక్కించుకునే వీలుంటే గీజర్‌కి ఆ లైనే ఇవ్వండి, కృష్ణా నీళ్లు బోరు నీళ్లంత పొలుసు కట్టవు.

పనిలో పనిగా మంట కూడా చూడండి. నీలంగా, గట్టిగా ఉండాలి. పసుపు రంగులోకి మారినా, డబ్బా పైభాగం నల్లగా మసి పట్టినా గాలి సరిగా అందడం లేదని, అంటే విషవాయువు పుడుతోందని అర్థం. బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు చేరితే ఇలా అవుతుంది. వేసవంతా ఆపి ఉంచిన గీజర్లలో సాలీళ్లు కాపురం పెట్టడం చాలా మామూలు. ఈ శుభ్రం మాత్రం ఇంట్లో చేయొద్దు, తెలిసినవాడితో చేయించండి.

మా దిక్కు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. గీజర్‌లో కాగిన నీళ్లు పట్టుకుని తాగితే ఫ్లోరైడ్ పోతదా? మా ఇంట్ల పెద్దోళ్లు పోతదంటరు. (మునుగోడు)

పోదు. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరై పోయేది కాదు. ఎక్కువసేపు మరిగిస్తే నీళ్లే తగ్గి, మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ మోతాదు ఇంకొంచెం పెరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే మంచిదని, వేరే దారి లేనప్పుడు కూడా ఒకటిన్నర దాటకూడదని మన దేశ ప్రమాణం. తాగడానికీ వంటకీ భగీరథ నీళ్లు వాడండి, బోరు నీళ్లు స్నానానికి ఉంచండి, ఒంటి మీద పోసుకుంటే ఫ్లోరైడ్‌తో ఇబ్బంది లేదు. గీజర్ నీళ్లు ఎట్లాగూ తాగేవి కావు. పైన చెప్పిన పొలుసుకీ ఫ్లోరైడ్‌కీ సంబంధం లేదు, రెండూ ఒకటే అనుకుని చాలామంది కంగారు పడుతున్నారు.

కింద ఇంట్లో గీజర్ బాగానే వెలుగుతుంది, మేడ మీద అదే కంపెనీది వెలగదు. సెల్స్ కొత్తవి వేశాం. (వనపర్తి)

ట్యాంకు మేడ గది మీదే ఉందా? అయితే కారణం అదే. గీజర్ నీళ్ల ఒత్తిడికి వెలుగుతుంది, నీళ్లు గట్టిగా తోస్తేనే లోపలి స్విచ్ కదులుతుంది. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి, చాలా గీజర్లకి 0.2 నుంచి 0.3 బార్ కావాలి, అంటే నీళ్లు రెండు మూడు మీటర్ల పైనుంచి రావాలి. మీ షవర్‌కి ట్యాంకుకి మధ్య మీటరే ఉంటే ఎన్ని సెల్స్ మార్చినా వెలగదు. నీళ్లు లోపలికి వెళ్లే చోట చిన్న జాలీ ఉంటుంది, ముందు అది కడిగి చూడండి, ఇసుక అడ్డం పడి ఉండొచ్చు. అప్పటికీ కాకపోతే ట్యాంకు దిమ్మె ఎత్తు చేయించాలి, లేదా చిన్న ప్రెషర్ పంపు. తక్కువ ఒత్తిడికి వెలిగే మోడళ్లు కూడా వస్తున్నాయి.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో చదువుకుంటున్నాడు. నలుగురు పిల్లలు కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇల్లంతా వేడి చేసే గ్యాస్ బాయిలర్ ఉందట, బిల్లు మోయలేకపోతున్నాం అని ఏడుస్తున్నాడు. మీరు బాత్రూంలో గ్యాస్ వద్దని రాస్తుంటారు, వీళ్ల బాయిలర్ వంటింట్లోనే ఉందంట, నాకు టెన్షన్‌గా ఉంది. (నల్లగొండ)

అమ్మా, ముందు టెన్షన్ సంగతి. అక్కడి ఇప్పటి బాయిలర్లు మన గీజర్ల లాంటివి కావు. మంట మూసిన పెట్టెలో ఉంటుంది, గాలి బయటి నుంచి పైపులో వస్తుంది, పొగ మరో దారిలో బయటికే పోతుంది, ఇంట్లో గాలిని వాడదు. అందుకే వంటింట్లో ఉన్నా నడుస్తుంది. అయినా లోపల ఏదైనా పగిలితే ప్రమాదమే కాబట్టి అక్కడ చట్టం గట్టిగా ఉంది. అద్దెకిచ్చే ఓనర్ ఏడాదికోసారి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజినీర్‌తో తనిఖీ చేయించి, ఆ కాగితం అద్దెకున్నవాళ్లకి ఇవ్వాలి. 2022 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం కూడా ఓనర్ బాధ్యతే. మీ అబ్బాయిని రెండే అడగండి: తనిఖీ కాగితం ఉందా, అలారం ఉందా. లేకపోతే ఓనర్‌కి మెయిల్ పెట్టమనండి, మొహమాటపడొద్దు. గ్యాస్ వాసన వస్తే అక్కడి నంబర్ 0800 111 999, ఫోన్‌లో సేవ్ చేసుకోమనండి.

ఇక బిల్లు. నలుగురు కుర్రాళ్లు ఉన్న ఇంట్లో ఎవరికి చలేస్తే వాళ్లు థర్మోస్టాట్‌ని (ఇల్లు ఎన్ని డిగ్రీలకి వేడెక్కి ఆగాలో పెట్టే మీటని) 28కో 30కో తిప్పుతారు, అలా తిప్పితే ఇల్లు తొందరగా వేడెక్కుతుందని. ఎక్కదు. వేడెక్కే వేగం అంతే ఉంటుంది, కాకపోతే ఆపకుండా 30 దాకా పోతుంది. 18 నుంచి 21 మధ్య ఎక్కడో ఒకచోట అందరూ ఒప్పుకుని వదిలేయాలి, ఇంట్లో స్వెటర్ వేసుకోవాలి. మనవాళ్లు డిసెంబర్‌లో బనియన్ మీద తిరుగుతూ బిల్లు ఎక్కువని గోల పెడతారు, అదీ సంగతి. కాలేజీకి పోయే సమయం చూసుకుని టైమర్ పెట్టుకోవచ్చు, ఖాళీ గదిలో రేడియేటర్ (బాయిలర్ వేడినీళ్లు లోపల తిరిగి గదిని వేడిచేసే ఇనప పలక) పక్కనున్న నాబ్ తగ్గించొచ్చు.

చాలామందికి తెలియని ఇంకో విషయం ఉంది. బాయిలర్ నుంచి రేడియేటర్లకి వెళ్లే నీళ్ల వేడిని 75, 80 డిగ్రీల మీద పెట్టి వదిలేస్తారు బిగించినవాళ్లు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకం, అంటే పొగలో ఉన్న నీటి ఆవిరిని కూడా చల్లార్చి ఆ వేడినీ లాక్కుంటాయి. అయితే రేడియేటర్లు తిరిగి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ పని బాగా జరుగుతుంది. వెళ్లే నీళ్లే 80 మీద ఉంటే వచ్చేవి ఎక్కడ చల్లబడతాయి? కాబట్టి బాయిలర్ మీద రేడియేటర్ గుర్తున్న నాబ్‌ని 60 దాకా తగ్గించమనండి. ఇల్లు కొంచెం నిదానంగా వేడెక్కుతుంది, గ్యాస్ తక్కువ కాలుతుంది. కుళాయి గుర్తున్నది స్నానపు నీళ్లది, అది వేరు. వేడినీళ్లు నిల్వ ఉంచే పెద్ద సిలిండర్ ట్యాంకు ఇంట్లో ఉంటే మాత్రం ఆ ట్యాంకు వేడి 60 కంటే తగ్గించకూడదు, అందులో బాక్టీరియా పెరుగుతుంది.

రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. హీటింగ్ ఆపి చల్లారనిచ్చి, దానికోసం ఉండే చిన్న తాళంచెవితో పైనున్న స్క్రూ కొద్దిగా తిప్పితే బుస్సుమని గాలి పోతుంది, నీటి చుక్క రాగానే బిగించాలి. తర్వాత బాయిలర్ మీద ఒత్తిడి ముల్లు చూడాలి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే బాయిలర్ ఆగిపోతుంది, ఎలా నింపాలో ఓనర్‌ని అడగాలి, తెలియకుండా తిప్పి మూడు దాకా ఎక్కిస్తే నీళ్లు బయటికి వదిలేస్తుంది. మంచు పడిన పొద్దున బాయిలర్ గుడగుడలాడి ఆగిందంటే, బయటికి పోయే సన్నని ప్లాస్టిక్ నీళ్ల పైపు గడ్డకట్టి ఉంటుంది. దాని మీద గోరువెచ్చని నీళ్లు పోయాలి, మరిగే నీళ్లు వద్దు, పైపు పగులుతుంది. బాయిలర్ మూత మాత్రం ఎవరూ విప్పొద్దు, మీవాడు మెకానికల్ ఇంజినీర్ అయినా సరే.

చలికాలం అయిపోయాక గీజర్‌ని ఎలా ఉంచాలి? స్టవ్ పైపుకే టీ జాయింట్ వేసి గీజర్‌కి కలిపాం, ఫర్వాలేదా? (నాగర్‌కర్నూల్)

ఫర్వా ఉంది. స్టవ్ రబ్బరు పైపు కోసి మధ్యలో టీ పెట్టడమంటే లీకవడానికి మూడు చోట్లు కొత్తగా తయారుచేయడం. గీజర్‌కి వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్ ఉంచండి, అవి కూడా బయటే, నేల మీద నిలువుగా. గుంటలో గానీ మెట్ల కింద గానీ పెట్టొద్దు, వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. నారింజ రంగు సురక్షా పైపు వాడి ఐదేళ్లకోసారి మార్చండి, తేదీ దాని మీదే ఉంటుంది. వాసన వస్తే స్విచ్ వేయడం, తీయడం రెండూ వద్దు, రెగ్యులేటర్ ఆపి 1906కి చేయండి.

ఎండాకాలం రాగానే రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కి మూత పెట్టండి. గీజర్ కింద బిరడా విప్పి నీళ్లు వంచేయండి, ఉప్పు నీళ్లు నెలల తరబడి లోపల నిలవుండటం మంచిది కాదు. డబ్బాని పాత చీరతో కప్పితే దుమ్ము, సాలీళ్లు లోపల చేరవు, మళ్లీ వాడే ముందు చీర తీయడం మాత్రం మర్చిపోవద్దు, మంట అంటుకుంటుంది. సెల్స్ తీసి పక్కన పెట్టండి, లోపలే ఉంచితే వేసవిలో కారి స్ప్రింగు తుప్పు పడుతుంది, దీపావళికి మళ్లీ వెలగలేదని మాకు ఉత్తరం రాస్తారు.